థర్మామీటర్ చాలదు, గామా చూపించండి

ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ కదా, 'కోల్డ్ ఫ్యూజన్' వీడియోలు మళ్ళీ మన గ్రూపుల్లో తిరుగుతున్నాయి. గాజు జాడీ, పల్లాడియం కడ్డీ, కాస్త కరెంటు. అందులో పుట్టే నెమ్మది న్యూట్రాన్లని కేంద్రకాలు పట్టేసుకుని వేడినిస్తాయట. సగం నిజమే. న్యూట్రాన్ ఎంత నెమ్మదైతే అంత తేలిగ్గా చిక్కుతుంది.

మాది ముదిగొండ. మణుగూరు అంటే మావైపు బొగ్గే గుర్తొస్తుంది. కానీ ఆ పక్కనే అశ్వాపురంలో గోదావరి నీళ్ళలోంచి భారజలం తీస్తున్నారు, 1991 నుంచి. నీటిలో ఆరున్నర వేల హైడ్రోజన్ పరమాణువులకి ఒక్కటే డ్యుటీరియం. ఆ ఒక్కదాని కోసం హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి విషవాయువుతో కుస్తీ పడతారు. ఎందుకంత తిప్పలు?

విచ్ఛిత్తిలో పుట్టే న్యూట్రాన్ శక్తి సగటున 2 ఎంఈవీ, అంటే సెకనుకి దాదాపు 20,000 కిలోమీటర్లు. దాన్ని 2.2 కిలోమీటర్లకి దించితేనే యురేనియం-235 బాగా చీలుతుంది. గోలీ తన బరువే ఉన్న గోలీని కొడితే ఆగిపోతుంది చూడండి, అలా హైడ్రోజన్ మంచి బ్రేకు. చిక్కేంటంటే, ఆపినట్టే ఆపి మింగేస్తుంది కూడా. మింగిన ప్రతిసారీ 2.2 ఎంఈవీ గామా కిరణం వదులుతుంది. డ్యుటీరియం మింగే అవకాశం 600 రెట్లకు పైగా తక్కువ. కైగా, రావత్‌భాటా రియాక్టర్లు శుద్ధి చేయని సహజ యురేనియంతో నడుస్తున్నాయంటే కారణం ఇదే.

ఇప్పుడు జాడీకి వద్దాం. ప్రోటాన్, ఎలక్ట్రాన్ కలిసి న్యూట్రాన్ కావాలంటే 0.78 ఎంఈవీ కావాలి. నాలుగైదు వోల్టుల సెల్ అదెక్కడ తెస్తుంది? సరే, పుట్టిందనే అనుకుందాం. హైడ్రోజన్ దాన్ని పట్టుకోవడం వల్లే ఒక్క వాట్ వేడి రావాలంటే సెకనుకి 2.8 లక్షల కోట్ల క్యాప్చర్లు జరగాలి. అన్ని గామా కిరణాలూ వెలువడాలి. పక్కన నిలబడి వీడియో తీసేవాడు నవ్వుతూ ఉండడు!

1989లో పాన్స్, ఫ్లైష్‌మన్ ప్రకటన వచ్చినప్పుడు మన బార్క్ వాళ్ళు కూడా చేసి చూశారు. వాళ్ళు వేడితో సరిపెట్టుకోలేదు, న్యూట్రాన్ల కోసం, ట్రిటియం కోసం వెతికారు. కనబడ్డాయనే రాశారు కూడా. ఆ ఫలితాల మీద వాదన వేరు, పద్ధతి మాత్రం సరైనదే. 2019లో గూగుల్ డబ్బుతో చాలా ల్యాబులు కలిసి మళ్ళీ వెతికి, ఆధారమేమీ దొరకలేదని నేచర్‌లో రాశాయి.

అయినా ప్రాజెక్టు చేస్తామంటారా, చేయండి. గామా డిటెక్టర్ అరువు తెచ్చుకున్నాకే జాడీకి కరెంటివ్వండి.