చరిత్రలోని చిత్రములు: కాగితపుటూరును మార్లవాయి బడియు

పత్రిక చేతికి రాగానే మన మందలి కథలను, పాటలను, వంటకములను చదువుదుము గాని, అవి యచ్చుపడిన కాగితమును గూర్చి తలంపము. భోజనము చేయువారు విస్తరిని వర్ణింతురా? అయినను కాగితము పేరనే వెలసిన పట్టణ మొకటి మన తెలుగునాట నున్నది. ఆ పట్టణమున్న జిల్లాలోనే యొక కొండపల్లెలో నొక దొరసాని సమాధి యున్నది. ఈ రెంటిని కలుపు కథయే యీ మాసపు ముచ్చట.

సిర్పూరు చెంత పూర్వము కొత్తపేట యను చిన్న గ్రామ ముండెను. నిజాము ప్రభువైన మీర్ ఉస్మాన్ అలీఖాను కాలమున, 1938 లో, అచ్చట సిర్పూరు కాగితపు మిల్లు స్థాపింపబడెను. 1942 లో కాగితము తయారగుట మొదలయ్యెను. చుట్టునున్న అడవులలో వెదురు సమృద్ధిగా నుండుటయే యా చోటును కోరుకొనుటకు ముఖ్యకారణము. వెదురును ముక్కలుగ కొట్టి, మందులతో నుడికించి, గుజ్జు చేసి, ఆ గుజ్జును పలుచగ పరచి, నీరు పిండి యారబెట్టినచో కాగితమగును. ఉరుదూలో కాగితమును ‘కాగజ్’ అందురు. మన ‘కాగితము’ను ఆ మాటకు తోబుట్టువే. అందువలన కొత్తపేట కాలక్రమమున కాగజ్‌నగర మయ్యెను. పూర్వ మిది ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 నుండి కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో చేరినది.

ఆ వెదురు పెరిగిన యడవులలో తరతరములుగ నివసించువారు గోండులు, కొలాములు. గోండురాజులు చాందా కోటనుండి రాజ్యమేలినవారు. వారి వంశకథలను, దేవతల కథలను ప్రధానులనువారు కిక్రీ యను తంత్రీవాద్యమును మ్రోగించుచు రాత్రులు తెల్లవారులు గానము చేయుదురు. అంత పెద్ద వాఙ్మయమును నోటనే నిలుపుకొనినవారిని విద్యాహీనులనుట తగదు. అయితే వారికి కచ్చేరీ కాగితము తెలియదు. అదియే వారి కొంప ముంచినది.

తాత దున్నిన పొలము మనుమడు దున్నుట వారి యాచారము. దానికి పట్టా యేల? కాని ప్రభుత్వము అడవులకు హద్దులు రాళ్లు నాటినప్పుడు, పట్టా చూపలేనివారు తాము కొట్టి సాగుచేసిన చేలనుండియే వెడలగొట్టబడిరి. వెలుపలినుండి వచ్చిన అక్షరాస్యులు అర్జీలు వ్రాసికొని, భూములను తమ పేర వ్రాయించుకొనిరి. గోండు రైతు చదువనేరని పత్రముపై బొటనవ్రేలి ముద్ర వేసి, తన పొలమునందే కూలివాడయ్యెను. వెదురునిచ్చిన సీమవారికి కాగితమే శత్రువైనది! ఈ యన్యాయము నెదిరించి కొమురం భీము తిరుగబడి, 1940 లో జోడేఘాటు కొండలలో నిజాము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. నేటి జిల్లా పేరు ఆ వీరునిదే.

ఇక చిత్రమైన సంగతి వినుడు. ఆస్ట్రియా దేశపు వియన్నా నగరమున 1909 లో జన్మించిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను పండితుడు, ఆటవిక జాతుల జీవనమును పరిశీలించుటకై 1939 లో మన దేశమునకు వచ్చెను. అంతలో యుద్ధము వచ్చెను. ఆస్ట్రియాను జర్మనీ అంతకు ముందటి యేడే కబళించి యుండుటచే, ఆయన శత్రుదేశీయుడుగ నెంచబడి నిర్బంధింపబడెను. పిమ్మట హైదరాబాదు సంస్థానపు టెల్లలలో మాత్రము తిరుగుటకు సెలవు దొరకెను. నిర్బంధమే యిట్లు మన యడవులకు ఉపకారమైనది. ఆయన మొదట నల్లమల చెంచులను, గోదావరీతీరపు కొండరెడ్లను దర్శించి, తరువాత ఆదిలాబాదు గోండులయొద్దకు వచ్చి, మార్లవాయి యను గ్రామమున పూరియింట కాపురముండెను.

ఆయన యొంటరిగా రాలేదు. 1938 లో ఆయనను పెండ్లియాడిన ఎలిజబెత్తు, అందరికిని బెట్టీ, వెంట నుండెను. బండ్లు నడువని దారులు, వానకాలపు జ్వరములు, ఎడతెగని ప్రయాణములు. వీనినన్నిటిని ఆమె భర్తతో సమముగ సహించెను. వంటింటికి పరిమితురాలును కాలేదు. పరిశోధనలో పాలుపంచుకొనెను. 1979 లో వెలువడిన గోండుల గ్రంథముపై దంపతులిద్దరి పేళ్లును గ్రంథకర్తలుగ నున్నవి. దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథముల పెద్ద సూచికను సంకలనము చేసినది ఆమెయే.

గోండులకు మొదట కావలసినది యక్షరమని గ్రహించి, 1943 లో మార్లవాయిలో ఉపాధ్యాయుల శిక్షణాలయమును నెలకొల్పిరి. పరాయిభాషలో బడి పెట్టినచో పిల్లలు బెదరుదురని, గోండీ భాషలోనే వాచకములు వ్రాయించిరి. మరాఠీ కొంచెము వచ్చిన యువకులు కొందరుండుటచే, వానిని దేవనాగరిలిపిలో నచ్చువేయించిరి. తల్లి యొడిలో విన్న మాటయే పుస్తకమున కనబడినప్పుడు ఆ పిల్లల సంతోష మెట్టిదో మాతృమూర్తులైన మీరే యూహింపగలరు. శిక్షణ పొందినవారు గూడెములలో బడులు పెట్టిరి. హైమెన్‌డార్ఫు ప్రభుత్వమునకు సలహాదారుడై, ఆ దశాబ్దమునందే లక్ష యెకరములకు పైగా భూమికి గిరిజనుల పేర పట్టాలు లభించుటకు తోడ్పడెను. అన్యాయము చేసిన కాగితమే యిట్లు న్యాయము చేయ నేర్చినది.

బెట్టీ 1987 లో హైదరాబాదులో కన్నుమూసెను. దేశములన్నియు తిరిగిన యా యిల్లాలికి మార్లవాయి మట్టియే పుట్టినిల్లయ్యెను. ఆమెను అచ్చటనే సమాధి చేసిరి. భర్త 1995 లో లండనులో గతించెను. ఆయన సమాధియు ఆమె ప్రక్కనే యున్నది. గోండులు నేటికిని ఆ దంపతులను స్మరించి పూలు వేయుచున్నారు.

ఇంకొక వింతతో ముగింతును. గోండులకు లిపియే లేదని లోకము చిరకాలము తలంచెను. కాని ఈ శతాబ్దమున ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామమున, గోండీకి ప్రత్యేకమైన లిపిలో వ్రాసిన పాత చేవ్రాతప్రతులు పండితుల కంటబడినవి. ఆ లిపి 2018 లో ప్రపంచపు కంప్యూటరు లిపుల పట్టికయగు యూనికోడునందును చోటు సంపాదించెను. ఎదుటివారికి లేదని మన మనుకొనునది వారి పెట్టెలో భద్రముగ నుండవచ్చును!

సోదరీమణులారా! మన యింట పని చేయునామెయో, పాలు తెచ్చునామెయో ఇప్పటికిని పత్రముపై వ్రేలిముద్ర వేయుచుండవచ్చును. దినమునకు పావుగంట కూర్చుండబెట్టి, ఆమె పేరు ఆమె చేతనే వ్రాయింపుడు. తాను సంతకము చేయుచున్న దేమో చదివి తెలిసికొనుటయు నేర్పుడు. పలక ఖరీదు స్వల్పము. అది కాపాడు పొలము, ఇల్లు, మానము స్వల్పములు కావు.