పాత ఫొటోలూ, పత్రికలూ, మన ‘జ్ఞాపకాల’ వ్యాపారమూ

పాత ఫొటోల మోజు ఒకటి యీ మధ్య మన పట్టణాల్లో బాగా ముదిరింది. బందరు రోడ్డు మీద గుర్రబ్బండి, ప్రకాశం బారేజీ రాకముందు కృష్ణ ఆనకట్ట, రైలు స్టేషను ముందు పత్రికల దుకాణం – యిటువంటి ఫొటో ఒకటి కనిపిస్తే చాలు, “ఆ రోజులే వేరు” అని నిట్టూర్చేవారు వందమంది తయారు. నిట్టూర్పుతో నాకు తగాదా లేదు. ఆ నిట్టూర్పును చరిత్ర పేరుతో చెలామణీ చెయ్యటంతోనే నా తగాదా.

విజయవాడలో ఒక కళాశాలవారు పెట్టిన ప్రదర్శనలో అటువంటి ఫొటో ఒకటి చూశాను. చెక్కలతో కట్టిన దుకాణం. అడ్డంగా కట్టిన తాళ్ళకు పత్రికలు వేలాడుతున్నాయి. పక్కన చంకలో కాగితాల కట్టతో నిక్కరు తొడుక్కున్న కుర్రాడు. కింద చీటీ: “1955 నాటి బెజవాడ – చందమామ స్వర్ణయుగం”. బాగానే వుంది. కాని యెడమవైపు తాడుకు వేలాడుతున్న దినపత్రిక పేరు ఆంధ్రజ్యోతి. ఆ పత్రిక పుట్టింది 1960 జూలై 1న. అయిదేళ్ళ తర్వాత పుట్టబోయే పత్రిక 1955లో తాడెక్కి యెట్లా కూర్చుంది? యీ సంగతి నిర్వాహకులలో ఒకరితో అన్నాను. “మాస్టారూ, అయిదేళ్ళు అటూ యిటూ అయితే యేం మునిగింది? ఫొటో అందం చూడండి” అన్నారాయన.

యేం మునిగిందో చూద్దాం. 1955 ఫిబ్రవరిలో ఆంధ్రరాష్ట్రంలో మధ్యంతర యెన్నికలు జరిగాయి. కమ్యూనిస్టు పార్టీ చావుదెబ్బ తిన్నది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ యేర్పడింది. 1959లో మద్రాసులో ఎక్స్‌ప్రెస్ సంస్థ కార్మికులు సమ్మె కట్టారు. యాజమాన్యం అక్కడ తలుపులు మూసి ఆంధ్రప్రభను విజయవాడకు తరలించింది. ఆ పత్రికను అంతవరకూ నడిపిన నార్ల వెంకటేశ్వరరావు బయటికి వచ్చారు. ఆయన సంపాదకత్వాన ఆంధ్రజ్యోతి మొదలయింది. అంటే ఫొటోలో ఆ తాడుమీద వేలాడుతున్నది వొట్టి కాగితం కాదు, ఒక సమ్మె పర్యవసానం. విజయవాడ తెలుగు పత్రికలకు రాజధాని అయిందంటే ఆ వూరి నీళ్ళ మహిమ కాదు. యంత్రాలు యెవరివి, జీతాలు యెవరు అడిగారు అనే ప్రశ్నలు దానికి కారణం. “అయిదేళ్ళు అటూ యిటూ” అన్న పెద్దమనిషి సరిగ్గా ఆ సమ్మెనే ఫొటోలోంచి తుడిచేశాడు. తెలిసి కాకపోవచ్చు. యీ రకం జ్ఞాపకాల సొగసంతా యిటువంటి తుడుపులమీదనే ఆధారపడి వుంది.

మన సహచరులలోనూ కొందరు అంటారు: “దుకాణంలో యే పత్రిక వేలాడితే మనకేం? యిది తీరిక వున్న మధ్యతరగతి వాళ్ళ కాలక్షేపం” అని. వారితోనూ నేను యేకీభవించలేను. పొలం దస్తావేజు చదివి భూస్వామి మోసాన్ని పట్టుకోవచ్చునని మనం వొప్పుకుంటాం. జనం యేం చదివారో, యేం చదవనివ్వలేదో చెప్పే దస్తావేజును మాత్రం చూడమా? ఆ చూడటానికి ఒక పద్ధతి వుంది. అది కష్టమైనదీ కాదు, మంత్రవిద్యా కాదు.

పత్రిక పేరు చదవగలిగితే సరే. ఫొటోలో సాధారణంగా సగం పేరే కనిపిస్తుంది, మిగతాది పై పత్రిక కింద నలిగి వుంటుంది. అప్పుడు అక్షరాల వంపూ, బొమ్మా, పత్రిక కొలతా చూడాలి. చందమామ 1947 జూలైలో తెలుగులోనూ తమిళంలోనూ మొదలై తర్వాత అనేక భాషలకు వ్యాపించింది. ఒక నెల ముఖచిత్రం సాధారణంగా అన్ని భాషలకూ ఒకటే. అందుచేత మన ప్రతి దొరక్కపోతే కన్నడ ప్రతితోనో హిందీ ప్రతితోనో పోల్చి నెల కట్టవచ్చు. ధర కనిపిస్తే యింకా మేలు: 1957 యేప్రిల్ 1 నుంచి దేశంలో దశాంశ నాణేలు వచ్చాయి. అణాలలో ధర వుంటే ఒక లెక్క, నయాపైసలలో వుంటే ఇంకో లెక్క. 1964 జూన్‌లో ఆ ‘నయా’ కూడా వూడిపోయింది. ఇంద్రజాల్ కామిక్స్ కనిపిస్తే ఫొటో 1964కు ముందుది కాదు, అమర్ చిత్రకథ కనిపిస్తే 1967కు ముందుది కాదు, స్వాతి మాసపత్రిక కనిపిస్తే 1970కి ముందుది కాదు. విజయవాడ గోడ పక్కన ఈనాడు కనిపిస్తే 1974 ఆగస్టుకు ముందు మాట యెత్తవద్దు.

“ముందుది కాదు” అంటున్నాను, “ఆనాటిదే” అనటం లేదని గమనించాలి. మనవాళ్ళు తరుచు బోర్లాపడేది యిక్కడే. పత్రిక పుట్టిన తేదీ ఫొటోకు కింది హద్దు మాత్రమే కడుతుంది. పై హద్దు కట్టదు. దీనికి ఆటోనగర్‌ను మించిన పాఠశాల లేదు. బస్సుకో లారీకో రంగు కొట్టేముందు అద్దాలకూ, దీపాలకూ, నంబరు పలకకూ పాత కాగితాలు అతికిస్తారు. రంగు వాటిమీద పడకుండా. ఆ కాగితాలు పాత పేపర్ల కొట్లనుంచి కిలోల లెక్కన వస్తాయి. ఒకసారి ఒక లారీ ముందు అద్దంమీద యెన్నో యేళ్ళనాటి వారపత్రిక పేజీలు చూసి ఆగిపోయాను. యెదురుగా రంగు తుపాకి పట్టుకున్న మేస్త్రీ, “అవి పనికిరావండీ మాస్టారూ. నున్నటి కాగితం రంగు పీల్చదు, బొట్లు కట్టి కిందికి జారుద్ది. పేపరు కాగితమే మంచిది” అన్నాడు. పత్రికాశాస్త్రం చదివిన వారిలో కాగితం గుణం యిట్లా చెప్పగలిగినవారు నాకు యెందరో తగలలేదు. సరే, ఆ లారీని ఆనాడు యెవడైనా ఫొటో తీసి, అద్దంమీది తేదీ చూసి కాలం నిర్ణయిస్తే యేమవుతుంది? లెనిన్ సెంటరులో పాత పుస్తకాల గుట్టల ఫొటోలకూ యిదే గతి. అందుకని ఒక్క పత్రిక పట్టుకుని తీర్పు చెప్పకూడదు. వేలాడుతున్న వాటన్నింటిలోకీ ఆలస్యంగా పుట్టినది యేదో చూడాలి. పక్క గోడమీది సినిమా ప్రకటన చూడాలి.

ఆ గోడ ప్రకటన గురించి ఒక మాట. పాతాళభైరవి 1951లో, మాయాబజార్ 1957లో విడుదలయ్యాయి. ఆ సినిమాలు తీసిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే చందమామనూ స్థాపించారు. కాబట్టి గోడమీద మాయాబజార్, తాడుమీద చందమామ వున్న ఫొటోలో మన జ్ఞాపకాల భక్తులు రెండు అద్భుతాలు చూస్తారు. నాకు మాత్రం ఒకే పెట్టుబడి రెండు అంగళ్ళు తెరిచినట్టు కనిపిస్తుంది. ఆ సినిమాలు బాగాలేవని యెవడూ అనలేడు. కాని బాగుండటం ఒక సంగతి, యెవరిదన్నది మరొక సంగతి.

యింకొక విషయం. ‘చందమామ స్వర్ణయుగం’ అని కన్నీళ్ళు పెట్టుకునే పెద్దలలో ఆ యుగాన్ని యెవరు నడిపారో యెందరికి తెలుసు? 1952 నుంచి 1980లో చనిపోయేవరకూ ఆ పత్రికను తీర్చిదిద్దినవాడు కొడవటిగంటి కుటుంబరావు. 1970లో యేర్పడిన విప్లవ రచయితల సంఘంలో నిలబడినవాడు. ఆ తేట తెలుగు, ఆ చిన్న వాక్యాలు, దయ్యాల కథలోనూ తర్కం తప్పని నడక – అవన్నీ ఆయన చేతి పని. సంపాదకుడుగా పేరు మాత్రం చక్రపాణిగారిది. ముఖచిత్రాన్ని గుర్తుపట్టి మురిసిపోయేవారు ఆ వెనకాల యిరవై యెనిమిదేళ్ళ చాకిరీని గుర్తుపట్టరు.

అమెరికాలోనూ యింతే. అక్కడ పాత పత్రికల దుకాణాల ఫొటోలు భూతద్దాలు పెట్టి వెతికే అభిమానులు వేలమంది వున్నారు; పనితనంలో వారి దగ్గర నేర్చుకోవలసింది వుంది. బెరెనిస్ ఆబట్ 1935లో న్యూయార్కు దుకాణం తీసిన ఫొటోలో పత్రికల వరుసలు చూసి నెలలు కడతారు. ముఖపత్రం మీది నెల నమ్మరాదనీ వారికి తెలుసు: సూపర్‌మాన్ మొదటిసారి కనిపించిన ఆక్షన్ కామిక్స్ మొదటి సంచికమీద 1938 జూన్ అని వుంటుంది, అమ్మకానికి వచ్చింది యేప్రిల్‌లో. పది సెంట్ల ఆ పుస్తకం ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. ఆ వీరుడిని సృష్టించిన సీగెల్, షూస్టర్ అనే యిద్దరు కుర్రవాళ్ళు హక్కులు అమ్ముకున్నది 130 డాలర్లకు. దుకాణం ఫొటోలో ఆ పుస్తకాన్ని గుర్తుపట్టి యెగిరి గంతేసేవాడు యీ రెండు అంకెలూ పక్కపక్కన వేసి చూడాలి. అప్పుడుగాని గుర్తుపట్టడం పూర్తి కాదు.

యిక ఫొటోలో లేని పత్రికల సంగతి. యిది అన్నిటికన్నా ముఖ్యం. 1942లో మొదలైన ప్రజాశక్తి 1948లో నిషేధానికి గురయింది. ఆ నిర్బంధకాలంలో తీసిన దుకాణం ఫొటోలో ప్రజాశక్తి లేదు కాబట్టి దానికి పాఠకులే లేరని రాసేవాడిని యేమనాలి? 1952లో విజయవాడనుంచి విశాలాంధ్ర వచ్చింది. దానికి తాడుకన్నా కార్యకర్త సైకిలే పెద్ద అంగడి. దుకాణదారుడు ముందుకు వేలాడదీసేది బొమ్మ వున్నదాన్ని, బేరం తెచ్చేదాన్ని. రంగు ముఖచిత్రం లేని పత్రిక లోపల మడతపడి వుంటుంది. మడతలో వున్నది కెమెరాకు కనపడదు. కొవ్వలి, జంపన గార్ల చౌక నవలలు రైలు పెట్టెల్లో, ప్లాట్‌ఫారాలమీద కుర్రాళ్ళ చేతుల్లో తిరిగాయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలూ అంతే. వాటిని చదివి పారేశారు, గ్రంథాలయాలు దాచలేదు. మన విమర్శకులు ‘రైలు సాహిత్యం’ అని ముక్కు విరిచారు. లక్షలమందికి చదవటం అలవాటు చేసినదాన్ని గురించి మనకు మిగిలిన సాక్ష్యం ఒక కుర్రాడి చేతిలో మసకగా కనిపించే అట్ట మాత్రమే అయితే, ఆ అట్ట యేదో తేల్చటం కాలక్షేపం కాదు.

యిప్పుడు కొత్త బెడద ఒకటి దాపురించింది. యంత్రం అల్లిన ‘పాత’ ఫొటోలు. గోధుమ రంగు పులిమి “1950లనాటి విజయవాడ” అని పంచుతున్నారు. పరీక్షించటం సులువే: తాడుమీది పత్రికల పేర్లు చదవండి. తెలుగులాగా గుండ్రంగా వుండి యే అక్షరమూ కాని గీతలు కనిపిస్తే, ఆ దుకాణం యే నేలమీదా లేదు. పత్రికలను గుర్తుపట్టటం రాని వాడు అక్కడే మోసపోతాడు. వాడి విద్యార్థులూ మోసపోతారు.

కాబట్టి మన కళాశాలల్లో చీటీలు రాసేవారిని నేను కోరేది యిది. పత్రిక పేరు, కనిపిస్తే సంచిక, కింది హద్దు యెందువల్ల అట్లా కట్టారో ఒక వాక్యం రాయండి. ఫొటో తీసినవాడు యెవరు, యెవరికోసం తీశాడు రాయండి. అందులో వున్న మనుషులను లెక్కపెట్టి రాయండి. కట్ట మోసే కుర్రాడు అలంకారం కాదు. చెప్పలేనిచోట ‘చెప్పలేము’ అని రాయండి. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది, పాత పత్రికల సంపుటాలు అక్కడ వున్నాయి. విజయవాడనుంచి మద్రాసు లైనులో చీరాలను ఆనుకునే ఆ వూరు. విద్యార్థులను తీసుకుపోయి ముందు ఆంధ్రపత్రిక సంపుటాలు అడగండి. వార్తలు తర్వాత చదవవచ్చు. ప్రకటనల పేజీ తియ్యండి; సినిమా విడుదల తేదీలూ, కొత్తగా వచ్చిన పత్రికల ధరలూ వుండేది అక్కడ.