తీర్మానాలు సరే, ప్యాచ్ ఎప్పుడు పంపుతాం?

ఈ మాట కొందరికి నిష్ఠూరంగా ఉంటుంది. అయినా రాస్తున్నాను.

2006లో తమిళం తప్పనిసరి చట్టం వచ్చినప్పటి నుంచి తమిళనాడులో మనవాళ్ళు వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నారు. ఇవ్వాల్సిందే. బడి ప్రభుత్వం చేతిలో ఉంది, అడక్కపోతే రాదు. కానీ ఎవరి అనుమతీ అక్కర్లేని చోట కూడా చేతులు కట్టుకుని నిలబడి "మన భాషకు అన్యాయం జరిగింది" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పోస్ట్‌గ్రెస్ అని ఒక డేటాబేస్ ఉంది. మన ఇళ్ళల్లో ఐటీ ఉద్యోగం చేసే పిల్లల్ని అడగండి, రోజూ దానిమీదే పని చేసేవాళ్ళు దొరుకుతారు. 1986లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఇప్పుడు ఏ ఒక్క కంపెనీదీ కాదు, దేశదేశాల వాళ్ళు కలిసి నడుపుతున్నారు. లైసెన్సు ఫీజు ఒక్క రూపాయి లేదు. ఇంగ్లీషులో "బుక్" అని వెతికితే "బుక్స్" అని ఉన్నచోటు కూడా పట్టిచ్చే ఏర్పాటు అందులో ఉంది. పదం చివరి ప్రత్యయాలు కోసేసి మొదలు పట్టుకునే ఆ చిన్న ప్రోగ్రాంని స్టెమ్మర్ అంటారు. ఏ భాషకు ఆ భాషదే కావాలి.

2019లో వచ్చిన 12వ వెర్షన్‌లో తమిళం చేరింది. నేపాలీ చేరింది. 30 లక్షల జనాభా కూడా లేని లిథువేనియా వాళ్ళ భాష చేరింది. 2021లో 14వ వెర్షన్‌తో హిందీ చేరింది. 18వ వెర్షన్ కూడా వచ్చేసింది, తెలుగు లేదు. 2011 లెక్కల్లో 8 కోట్ల పైచిలుకు మంది మాతృభాష అని రాయించుకున్న భాష అండీ ఇది!

ఎవరు అడ్డుపడ్డారు? ఎవరూ లేదు. తమిళానికి ఎవరో కూర్చుని రాశారు, వచ్చింది. మనది ఎవరూ అందులో చేర్పించలేదు, రాలేదు. ఇందులో జీవో లేదు, కోర్టు కేసు లేదు.

"అది సాఫ్ట్‌వేర్ వాళ్ళ పని కదా" అంటారు. సగమే నిజం. పుస్తకంలో, పుస్తకాలు, పుస్తకానికి, పుస్తకాలకు అన్నీ ఒకే మాట అని యంత్రానికి చెప్పాలి. సరే, చివర "కు" ఉంటే తీసెయ్ అన్నామనుకోండి. ఆకు ఏమవుతుంది? "ఆ" మిగులుతుంది. ముక్కు సగం తెగుతుంది. "లు" తీసెయ్ అంటే పాలు "పా" అయిపోతాయి. ఇక ఇల్లు, ఇంట్లో, ఇళ్ళు అనే మూడింటిని కలపడం మరీ కష్టం. ఏ ప్రత్యయం ముందు కోయాలి, ఎన్ని అక్షరాలు మిగిలితే ఆగాలి అన్నది వ్యాకరణం చెప్పిన మాష్టారికి తెలుస్తుంది. కుర్రాడికి కోడ్ తెలుసు. ఇద్దరూ మన సంఘంలోనే ఉన్నారు, ఉగాది రోజు ఒకే పంక్తిలో భోంచేస్తారు కూడా. ఈ పని గురించి మాత్రం మాట్లాడుకోరు.

పిల్లలకు కూడా ఒక మాట. ఈ మధ్య "మొదటి ప్యాచ్" అంటే ఎక్కడో ఒక కామా మార్చి, ప్రొఫైల్‌లో ఒక లైను రాసుకోవడం అయిపోయింది. నిజంగా తప్పు కనబడితే కామా అయినా సరే, పంపండి. ఏఐ రాసిచ్చినదాన్ని తాను కూడా చదవకుండా పంపేవాడు మాత్రం అవతలివాళ్ళ టైం దొంగిలిస్తున్నట్టే. పోస్ట్‌గ్రెస్‌లో ఒక పద్ధతి ఉంది, నాకు బాగా నచ్చింది. నువ్వు ఒక ప్యాచ్ పంపితే, ఇంకొకరి ప్యాచ్ ఒకటి నువ్వు చూసి పెట్టాలి. సోర్స్ దింపుకుని నీ మిషన్‌లో బిల్డ్ చెయ్యి, ఆ ప్యాచ్ వేసి టెస్టులు నడుపు, ఏం కనబడిందో రాయి. కమిట్‌ఫెస్ట్ అని ఏడాదికి కొన్నిసార్లు ప్యాచ్‌లన్నీ వరసగా చూస్తారు. అక్కడ రాసేవాళ్ళకంటే చూసిపెట్టేవాళ్ళకే కరువు. నీ దానికి పదిసార్లు మార్పులు చెబుతారు, వచ్చే విడతకు నెడతారు, చివరికి వద్దని కూడా అనొచ్చు. అది అవమానం కాదు. ఇన్నేళ్ళు ఉచితంగా వాడుకుని ఇదీ చెయ్యకపోతే, పెళ్ళికెళ్ళి కడుపారా తిని చదివింపులు చదివించకుండా వచ్చేసినట్టు ఉంటుంది.

తెలుగు స్టెమ్మర్ సంగతికొస్తే, అది నేరుగా పోస్ట్‌గ్రెస్‌కి పంపేది కాదు. స్నోబాల్ అనే వేరే ప్రాజెక్టులో ఇవి తయారవుతాయి, అక్కణ్ణుంచి పోస్ట్‌గ్రెస్ తీసుకుంటుంది. దాంతోపాటు ఏ మాటకు ఏ మొదలు రావాలో చూపించే పదాల జాబితా కావాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఒకటి రెండు ప్యాచ్‌లు చూసిపెట్టిన కుర్రాడికి ఇది చేతనవుతుంది.

ప్యాకేజీ పెద్దదైన పిల్లాడికి ఏటా శాలువా కప్పుతున్నాం. తల్లిదండ్రుల సంతోషం, కాదనను. ఈసారి కార్యవర్గం ముందు నేను పెడుతున్నది వేరే అంశం. హోసూరు, చెన్నై, బెంగుళూరు, షోలాపూర్, బరంపురం, ఎక్కడివాళ్ళైనా సరే, రిటైరైన తెలుగు మాష్టార్లు నలుగురు, కోడ్ రాసే పిల్లలు ఇద్దరు, ఆదివారం రెండు గంటలు. హాలు మనదే, అద్దె లేదు. రాగలిగినవాళ్ళు పేరు, ఊరు కింద రాయండి. రాలేనివాళ్ళు ఆకు, ముక్కు, పాలు లాంటి చిక్కు మాటలు తట్టినన్ని రాసి పెట్టండి. జాబితా అక్కడే మొదలుపెడదాం.