వాళ్ల పంచాంగం, మన హాజరు పట్టీ

ఇజ్రాయెల్‌లో కట్టుబడి పనులకు వచ్చిన మనవాళ్లు 'షలోమ్' తర్వాత తొందరగా నేర్చుకునే హీబ్రూ మాట 'అహరే హహగిమ్'. అంటే పండగలయ్యాక అని అర్థం. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఏది అడిగినా ఇదే జవాబు. బాకీ కూలీ, గదిలో పాడైన ఏసీ, వీసా కాగితం, అన్నీ పండగలయ్యాకే. కొత్త సంవత్సరం రోష్ హషానా రెండు రోజులు, పదో రోజున యోమ్ కిప్పూర్ ఉపవాసం, పున్నమికి సుక్కోత్. మూడు వారాలపాటు సైటు గాడిన పడదు.

వాళ్ల పండగలతో మనకేం పని అనే సోదరులున్నారు. 2023 అక్టోబరు 7న దాడి జరిగింది కూడా సింహత్ తోరా అనే పండగ రోజే. ఆ తర్వాత పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేశారు, ఆ ఖాళీల్లోకే మనలో చాలామంది వచ్చాం. ఇంకొకరి పని పోయిన చోట మన పని మొదలైందన్న సంగతి కూడా గుర్తుండాలి. ఇప్పుడు మన కూలీ లెక్క నడిచేది వాళ్ల పంచాంగం మీదే. అది తెలియకపోతే నష్టం మనకే.

నిజానికి ఈ పంచాంగం తెలుగువాడికి తేలిగ్గా ఎక్కుతుంది. మనలాగే చంద్రుణ్ణి బట్టి నెలలు, పందొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు. తేడా ఏమిటంటే రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అందుకే శుక్రవారం మధ్యాహ్నానికే సైటు సర్దేస్తారు. పొద్దు గూకితే షబ్బత్. స్లాబు పోయాలంటే గురువారమే చూసుకోవాలి. శుక్రవారం లేటుగా కాంక్రీటు లారీ రమ్మంటే రాదు. చాలా ఊళ్లలో శనివారం రాత్రిదాకా బస్సులూ ఉండవు. జెరూసలేంలో షబ్బత్ వచ్చిందని సైరన్ కూడా మోగిస్తారు. అది ఒకే తీరుగా సాగే మోత. ఎగుడుదిగుడుగా మోగితే మాత్రం షెల్టరుకు పరుగెత్తాల్సిందే. ఈ తేడా కొత్తగా వచ్చినవాళ్లకు మొదటిరోజే చెప్పాలి.

సుక్కోత్ మన వృత్తివాళ్లు చూడదగ్గ పండగ. అది మన పందిరి లాంటి గుడిసె. కప్పు ఆకులూ కొమ్మలతోనే వేయాలి, నెత్తిన ఆకాశం ఉండాలి. పై అంతస్తు బాల్కనీ అడ్డం వస్తే ఆ గుడిసె చెల్లదు. అందుకే ఇక్కడి చాలా అపార్టుమెంట్ల ప్లాన్లలో బాల్కనీలు ఒకదాని నెత్తిన ఒకటి రాకుండా జరిపి వేస్తారు. షట్టరింగ్ కొట్టేవాడికి అది పిచ్చి డిజైనులా కనిపిస్తుంది. కారణం ఇదీ.

వసంతంలో పెసహ్ వస్తుంది. ఏడు రోజులు రొట్టె ముట్టరు, షాపుల్లో ఆ అరలకు గుడ్డ కప్పేస్తారు. గోధుమ, బార్లీ వంటి అయిదు ధాన్యాలకే ఈ నిషేధం. అన్నం విషయంలో వాళ్లలోనే రెండు పక్షాలు. యూరప్ నుంచి వచ్చినవాళ్లలో ఆచారం పాటించేవారు తినరు, తూర్పు దేశాలవాళ్లలో చాలామంది తింటారు. మన అన్నం డబ్బాకు భయం లేదు గానీ, ఆ వారం పదిమందిలో చపాతీలు విప్పకపోతే మర్యాద.

ఇక ఇంటి శుభాశుభాలు. మగబిడ్డకు ఎనిమిదో రోజు సున్తీ, పదమూడేళ్లకు మన ఒడుగులాంటి బార్ మిత్స్వా. పెళ్లిలో వరుడు గాజుగ్లాసు కాలితో పగలగొడతాడు. రోమన్లు కూల్చిన జెరూసలేం గుడికి గుర్తు అది, అపశకునం అనుకోవద్దు. చావు వస్తే వీలైనంత త్వరగా పూడ్చిపెడతారు, తర్వాత ఏడు రోజులు షివా. దగ్గరివాళ్లు ఇల్లు కదలరు. మన పది రోజుల మైల తెలిసినవాడికి ఇది చెప్పక్కర్లేదు. కాంట్రాక్టరు తండ్రి పోతే వెళ్లి కాసేపు కూర్చోవచ్చు, వాళ్లు మాట్లాడేదాకా మనం మాట్లాడకూడదు. పూలదండ వద్దు. హాజరు పట్టీ మీద సంతకం కోసం మాత్రం ఆ ఇంటికి పోవద్దు, ఆఫీసులో ఇంకెవరు పెడతారో ముందే కనుక్కోండి.

అసలు సంగతి కూలీది. 1951 నాటి చట్టం ప్రకారం వారానికి 36 గంటల విశ్రాంతి అందరి హక్కు. యూదులు కానివారు శుక్ర, శని, ఆదివారాల్లో ఏదైనా ఎంచుకోవచ్చు. ఆ విశ్రాంతి వేళ పనిచేయిస్తే కనీసం ఒకటిన్నర రెట్ల కూలీ ఇవ్వాలి. ఏడాదికి తొమ్మిది పండగలకు జీతంతో సెలవు ఉంది. అవి వాళ్ల పండగలే కానక్కర్లేదు. సంక్రాంతి, రంజాన్, క్రిస్మస్, ఎవరి మతం ప్రకారం వాళ్లు అడగొచ్చు. రోజుకూలీ లెక్కన చేసేవారికి మూడు నెలల సర్వీసు నిండాలి, పండగకు ముందురోజూ మర్నాడూ చెప్పకుండా మానకూడదు.

ఇక్కడే తిరకాసు ఉంది. మన పండగలు రాయించుకుంటే, సైటు మూసే వాళ్ల పండగ రోజుల కూలీ పోవచ్చు. అప్పు తీరనివాళ్లు వాళ్ల పండగలే రాయించుకోవడం మేలని నా అభిప్రాయం. దసరా నాడు సైటులో ఇనుము కట్టడం మనసుకు కష్టమే. ఏదైనా నోటిమాటగా వదలొద్దు. రోష్ హషానా రాకముందే కాగితం మీద రాసిచ్చి, ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. పండగలయ్యాక అడిగితే వచ్చే జవాబు తెలిసిందే.