ఆ థ్రెడ్డు కాదు మాస్టారూ, ఈ థ్రెడ్డు

థ్రెడ్డు అనగానే మన సాఫ్ట్‌వేరోళ్ళకి డెడ్‌లాకే గుర్తొస్తుంది. మరమేకు చుట్టూ ఉండే చుట్లని కూడా థ్రెడ్లే అంటారన్న సంగతి నేను ఇంజనీరింగు మొదటి ఏడు వర్క్‌షాపుతోనే మర్చిపోయాను. మళ్ళీ గుర్తు చేసింది డాలస్‌లో నాతో ఉండే రూమ్మేటు.

వాడు సిగరెట్టు వదిలి వేప్ పట్టాడు (మానేశాడనాలా, మార్చాడనాలా అన్నది వేరే గొడవ). ఓ రోజు అది "చెక్ ఆటమైజర్" అంటూ మొండికేసింది. "బోర్డు పోయింది మామా, కొత్తది ఆర్డరు పెట్టేస్తా" అన్నాడు. లాగు కూడా చూడకుండా సర్వరు రీస్టార్ట్ చేసే బాపతు కదా మనం! పైన ట్యాంకు విప్పి చూస్తే మరచుట్ల నిండా నల్లటి జిడ్డు.

ఆ చుట్లున్నది ట్యాంకుని పట్టుకోవడానికి మాత్రమే కాదు. ఇలాంటి వాటిల్లో ఎక్కువగా కనిపించే 510 కనెక్టరులో మధ్య పిన్ను పాజిటివ్, చుట్టూ ఉన్న థ్రెడ్డు నెగెటివ్. అంటే కరెంటు తిరిగొచ్చే దారే అది. కారిన ద్రవం, జేబులో దుమ్ము కలిసి ఆ దారిని మూసేస్తాయి.

చిప్పు ఉన్నది కనీసం ఎర్రరు చూపిస్తుంది. చిప్పు లేని మెకానికల్ గొట్టాల్లో అదీ లేదు. లెక్క మీరే వెయ్యండి: 20 ఆంపియర్లు పోతుంటే, జిడ్డు వల్ల 0.05 ఓమ్ అదనంగా చేరితే 1 వోల్టు అక్కడే గోవిందా. 20 వాట్ల వేడి అరచేతిలో! నిండా ఛార్జయిన సెల్లు ఇచ్చేదే 4.2 వోల్టులు. "ఆవిరి తగ్గింది" అని ఇంకా తక్కువ ఓముల కాయిలు వేసే మహానుభావులున్నారు. తర్వాత ఏ రోజో థ్రెడ్డు తుడిస్తే కరెంటు ఒక్కసారిగా పెరిగి సెల్లు తట్టుకునే హద్దు దాటొచ్చు. రోగం ఒకటి, మందు ఇంకోటి అంటే ఇదే.

పని మాత్రం ఐదు నిమిషాలు. ముందు బ్యాటరీ తీసెయ్యాలి. పొడి టిష్యూతో జిడ్డు తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో చుట్లూ, పిన్నూ శుభ్రం చెయ్యాలి. ఇరుక్కున్న మట్టికి చెక్క టూత్‌పిక్ చాలు, పిన్నీసు వద్దు. బాగా ఆరాకే బ్యాటరీ. బిగించేటప్పుడు ముందు కాస్త వెనక్కి తిప్పండి, చుట్టు చుట్టులో పడ్డట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు ముందుకి తిప్పి, ఆగిన చోట ఆపెయ్యండి. బలం చూపిస్తే మరలు అరిగిపోతాయి.

"ఆ దరిద్రానికి సర్వీసింగొకటా?" అని మీరు అడగొచ్చు. నికోటిన్ వ్యసనమే, కాదనను. కానీ అలవాటున్నవాడికి చెయ్యి కూడా కాలాలని రూలేం లేదు కదా! బాగుచెయ్యగలిగేదాన్ని చెత్తబుట్టలో పడేస్తే, లోపలి లిథియం బ్యాటరీ నలిగి చెత్త లారీలో మంట పెట్టొచ్చు. ఆ చెయ్యి మనది కాదు, పాపం ఇంకెవరిదో.

ఇంకో మాట. ఇండియా వెళ్తూ బావమరిదికని సూట్‌కేసులో పెట్టకండి. 2019 చట్టం ప్రకారం అక్కడ వీటి దిగుమతి, అమ్మకం నేరం. మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

మావాడి బోర్డుకేమీ కాలేదు, తుడిచాక పనిచేసింది. వాడు దాన్నీ మానేస్తే నాకింకా సంతోషం. అందాకా వారానికోసారి తుడుచుకోరా నాయనా :)