సొసైటీకి కంప్యూటర్ ఇచ్చారు, సిబ్బందికి శిక్షణ ఏదీ?

‘ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు, తెలియని లింకు నొక్కవద్దు’ అని మనకు రోజూ పాఠం చెబుతున్నారు. మంచిదే, వినాల్సిందే. కానీ మన ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, పంట రుణం లెక్క, ఫోను నెంబరు అన్నీ సొసైటీ కంప్యూటర్‌లో ఉన్నాయి. ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న ఉద్యోగికి ఈ పాఠం ఎవరు చెప్పారు?

2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. సిబ్బందికి శిక్షణ, సైబర్ భద్రత అన్న మాటలూ ఆ పథకంలో ఉన్నాయి. కాగితం మీది ఆ మాటలు మన సొసైటీ గడప తొక్కాయా అన్నదే మన ప్రశ్న.

ఇది ఉత్త భయం కాదు. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా దొంగలు మళ్లించారు. వాళ్లు గోడకు కన్నం వేయలేదు. బ్యాంకు ఉద్యోగులకు సుమారు 200 మోసపు మెయిళ్లు పంపారని, వాటిని తెరవడంతోనే కంప్యూటర్లు దొంగల చేతికి చిక్కాయని పోలీసులు తేల్చారు. సైబర్ భద్రతలో లోపాలకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. నగరంలో ఉన్న బ్యాంకుకే ఈ గతి పడితే, ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే మన సొసైటీ మాటేమిటి?

ఇలాంటివి జరిగినప్పుడు పైవాళ్లు ‘మనిషి తప్పు’ అని చేతులు దులుపుకుంటారు. దీన్ని మేం ఒప్పుకోం. ఎరువుల అమ్మకం, ధాన్యం కొనుగోలు, రుణాల రెన్యువల్ ఒక్కరి నెత్తినే వేసి, ఒకే పాస్‌వర్డ్‌తో అందరూ పనిచేసే పరిస్థితి తెచ్చి, చివరికి చిన్న జీతగాడిని బలిపెట్టడం న్యాయం కాదు. జిల్లా కేంద్రానికి పిలిచి, ఒక పూట స్లైడ్లు చూపించి, సంతకం తీసుకుని పంపడం శిక్షణ కాదు. మొక్కుబడి.

అందుకే మేం డిమాండ్ చేస్తున్నాం:

ఒకటి, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లతో సహా ప్రతి ఉద్యోగికి పనివేళల్లోనే, తెలుగులో, ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

రెండు, ఉత్తుత్తి మోసపు మెయిళ్లు పంపి పరీక్షించాలి. తడబడినవారికి మళ్లీ నేర్పాలే తప్ప మెమో ఇవ్వకూడదు. శిక్షకు భయపడితే ఉద్యోగి తప్పు దాస్తాడు, దొంగకు కావలసింది ఆ ఆలస్యమే.

మూడు, ఎవరి పాస్‌వర్డ్ వారికే ఉండాలి. డబ్బు బదిలీని ఒకరు నమోదు చేస్తే, మరొకరు సరిచూసి ఆమోదించాలి. మనుషులు చాలకపోతే ఖాళీలు భర్తీ చేయాలి.

నాలుగు, మెయిల్‌లోనో ఫోనులోనో ‘పై ఆఫీసు నుంచి’ అంటూ ఎవరైనా తొందరపెడితే, తమకు తెలిసిన నెంబరుకు తిరిగి ఫోన్ చేసి నిర్ధారించుకునే అధికారం ఉద్యోగికి ఉండాలి. ఆలస్యమైందని అతన్ని నిలదీయకూడదు.

ఇక మన వంతు. ఖాతాలో డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. బ్యాంకు లోపం వల్ల డబ్బు పోతే ఆ నష్టం ఖాతాదారుడిది కాదని, తప్పు ఖాతాదారుడిదే అని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. ‘నీవే ఏదో నొక్కి ఉంటావు’ అని కౌంటర్ దగ్గర గద్దిస్తే వెనుదిరగకండి.

వచ్చే మహాజన సభలో ప్రతి సొసైటీ సభ్యుడూ లేచి మూడు ప్రశ్నలు అడగాలి: మన సిబ్బందిలో ఎందరికి శిక్షణ ఇచ్చారు? ఎప్పుడు ఇచ్చారు? మళ్లీ ఎప్పుడు ఇస్తారు? జవాబులను మినిట్స్ పుస్తకంలో రాయించండి. జవాబు లేకపోతే, జవాబు లేదనే రాయించండి.