ఫేజ్ అవుట్ అంటే ఒక్క రోజులో ఎత్తేయడం కాదు



మూడు రోజులుగా మన గ్రూపులో ఒక ఇంగ్లీషు మాట మీద వాదన సాగుతోంది. ఆదివారం తెలుగు తరగతిలో వాడుతున్న పెద్ద బాలశిక్షను "ఫేజ్ అవుట్" చేసి, దాని స్థానంలో మొబైల్ యాప్ పెట్టాలని కమిటీ ఇంగ్లీషులో తీర్మానం రాసింది. ఆ మాట సహజంగా లేదు, "స్వాప్ అవుట్" అనాలని ఐటీలో ఉన్న తమ్ముళ్లు అన్నారు. "రిప్లేస్" ఉండగా ఈ అవుట్‌లన్నీ ఎందుకని పెద్దలు విసుక్కున్నారు. ఇంత వాదనలో పుస్తకం సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

సరే, ముందు ఇంగ్లీషు సంగతే తేల్చుకుందాం. నేను అరవ మీడియంలో చదివినవాణ్ణి. ఇంగ్లీషు నాకు రైల్వే ఫైళ్లు నేర్పాయి. అందుకని మాట చెవికి ఎలా ఉందని కాదు, దాని వెనక ఏ పని జరిగిందని చూస్తాను.

స్వాప్ అవుట్ తప్పు మాట కాదు. ఉత్త స్వాప్ అంటే ఇచ్చి పుచ్చుకోవడం. అవుట్ తగిలిస్తే బయటికి పోయేది ఏదో తెలుస్తుంది. బ్యాటరీకి, ట్యూబ్‌లైటుకి, కంప్యూటర్లో చెడిపోయిన భాగానికి ఆ మాట చక్కగా అతుకుతుంది. పాతది తీసిన చోటే, అదే కొలతది, అదే పని చేసేది పెడతాం. పుస్తకం తీసి యాప్ పెడితే అదే పని జరుగుతుందా? పుస్తకం ముందు పిల్లవాడు పలక పట్టుకుని రాస్తాడు. యాప్‌లో అక్షరాన్ని వేలితో తాకుతాడు, అది పలుకుతుంది, వీడు నవ్వుతాడు. ఆ రెండూ ఒకటి కావు.

రిప్లేస్ అన్నది కూడా మా ఆఫీసులో ఊరికే వాడే మాట కాదు. కొత్త పెట్టెలు వస్తే అవి రిప్లేస్‌మెంట్ ఖాతాలోవా, అడిషనల్ ఖాతాలోవా అని తేల్చాలి. రిప్లేస్‌మెంట్ అయితే పాత పెట్టె ఏది, దాని వయసెంత, కండెమ్ అయిందా అన్న లెక్క ఉండాలి.

ఇక ఫేజ్ అవుట్. మంచి ఇంగ్లీషే, సహజమైన మాటే. కానీ ఫేజులు ఉంటేనే. చిత్తరంజన్‌లో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లో ఆగింది. బ్రాడ్ గేజ్ మీద ఆవిరి బండి 1995 దాకా నడిచింది. మన చెన్నై బీచ్ - తాంబరం లైనులో 1931లో మొదలైన మీటర్ గేజ్ ఎలక్ట్రిక్ బండ్లు 2004లో ఆగాయి. అప్పటికే పక్కన బ్రాడ్ గేజ్ బండ్లు తిరుగుతున్నాయి. పాత బండి ఆగిన రోజున జనం ప్లాట్‌ఫారం మీద నిలబడిపోలేదు. దాన్ని అంటారు ఫేజ్ అవుట్ అని.

రైళ్ల మాట వదిలేయండి. దశలవారీ అంటే ఏమిటో మన ఇళ్లకు 2006లోనే తెలిసింది. తమిళాన్ని తప్పనిసరి చేసిన చట్టం ఒకటో తరగతితో మొదలై, ఏడాదికో తరగతి చొప్పున ఎక్కి, 2015-16లో పదో తరగతికి చేరింది. (తమిళం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, అది నాకు అన్నం పెట్టిన భాష.) తెలుగు మాత్రం కావాలంటే చదువుకునే నాలుగో భాగంలోకి వెళ్లింది. ఆ చట్టం మీద ఎవరి అభిప్రాయం వారిది. కానీ ఏ తరగతికి ఏ ఏడు అన్నది అందులో రాసి ఉంది. మనవాళ్లు కోర్టుకు వెళ్లడానికి, మినహాయింపు అడగడానికి వ్యవధి దొరికింది. ప్రభుత్వం పదేళ్లు తీసుకున్న పనిని మన సంఘం వచ్చే నెల ఒకటో తేదీన ముగిస్తానంటోంది! తీర్మానంలో ఉన్నది ఆ ఒక్క తేదీయే. దానికి ఫేజ్ అవుట్ అని పేరు.

గుణింతాల మధ్యలో ఉన్న పిల్లల సంగతేమిటి? వత్తులు ఇంకా రానివాళ్లకు యాప్ ఏ పాఠం నుంచి మొదలవుతుంది? ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్న డ్యూటీకి తీసుకెళ్తే ఏం చేస్తారు? బడిలో తెలుగు లేని పిల్లలకు ఈ ఆదివారం గంట తప్ప ఇంకో గంట లేదు.

పెద్ద బాలశిక్ష ఉన్నది ఉన్నట్టు ఉండాలని నేననను. వీశెలు, మణుగుల లెక్కలు ఇప్పుడు ఎవరికి కావాలి? తీసేయండి. యాప్ కూడా తెండి, పుస్తకం పక్కన పెట్టి ఒక ఏడు నడపండి. అక్షరాలు రాయగలిగినవాళ్లు ఎంతమందో చూసి అప్పుడు మాట్లాడదాం.

కార్యదర్శిగారికి ఒక మనవి. తీర్మానాన్ని తెలుగులో రాయించండి. "బాలశిక్షను ఎత్తేస్తున్నాం" అని రాయాల్సి వస్తే ఎంతమంది సంతకం పెడతారో చూద్దాం. భోగినాడు పాత చాపలు మంటలో వేసేటప్పుడు మనం ఫేజ్ అవుట్ అనం కదా.

ఆదివారం మీటింగు అయ్యేదాకా బీరువాలోని పుస్తకాలను ఎవరూ కదిలించవద్దని కోశాధికారిగారిని కోరుతున్నాను. తాళంచెవి వారి దగ్గరే ఉంది.